హెవీ కాదు, అక్యూట్

"హెవీ షార్టేజ్, సార్," అన్నాడు గోవర్ధన్ అద్దం ముందు నిలబడి.

"వానకైతే హెవీ. షార్టేజ్‌కి అక్యూట్ అనాలె," అంది నాగరాణి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

సూర్యాపేటలో ముందు ఎరువుల దుకాణం, వెనక వాళ్ల ఇల్లు. యూరియా దొరకడం లేదని రైతులు ఫిర్యాదు చేశారు. తనిఖీకి వస్తున్న కొత్త ఆఫీసరుకు తెలుగు రాదు. గోవర్ధన్‌కు ఇంగ్లీషు రాదు. పెళ్లాం డిగ్రీ చదివిందన్న సంగతి ఇన్నేళ్లకు అతనికి గుర్తొచ్చింది.

"స్టాక్ ఈజ్ రన్నింగ్ లాస్."

"లాస్ కాదు, లో. లాస్ నీకెక్కడిది?"

"సరే, లో."

"ఛీ, ఇదేం కంపు! కండ్లల్ల నీళ్లొస్తున్నయ్."

"లైన్ల నిలబడ్డోళ్లు మన గోడకే పోస్తున్నరు. సిగ్గులేని జనం."

నాగరాణి బయటికొచ్చింది. షట్టర్ ముందు మనుషులు లేరు, చెప్పులున్నాయి. బురదవి, తెగినవి, పిన్నీసు పెట్టినవి, ఒకదాని వెనక ఒకటి రోడ్డు దాకా. వాటి యజమానులు టీకొట్టు నీడలో కూర్చున్నారు. చివ్వెంల దగ్గరి తండా నుంచి వచ్చిన దస్రు లేచి ఎదురొచ్చాడు.

"అక్కా, వరి ఎర్రబడ్డది. ఈ వారం యూరియా జల్లకపోతే పంట ఖతం. రెండు బస్తాలిప్పియ్యరాదే."

"మా ఆయన లేదంటున్నడు తమ్ముడా."

ఇంట్లోకొచ్చి బకెట్ల కొద్దీ నీళ్లు కొట్టి ముందుగది కడిగింది. కడిగినకొద్దీ కంపు పెరిగింది.

"ఇగ కడగకు! నీళ్లకు గూడ షార్టేజే," అని అరిచాడు గోవర్ధన్.

"అక్యూట్ షార్టేజ్," అని సరిదిద్ది, ఇంకో బకెట్ గుమ్మరించింది.

మధ్యాహ్నం కోదాడ వైపు నుంచి ఆఫీసరు జీపు వచ్చింది. గోదాం తెరిపించి చూశాడు. ఒక్క బస్తా లేదు.

"అక్యూట్ షార్టేజ్, సార్. స్టాక్ ఈజ్ రన్నింగ్ లో. యూరియా ఈజ్ ఇన్ షార్ట్ సప్లై," గోవర్ధన్ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు.

ఆఫీసరు తలూపి జీపు వైపు నడిచాడు. దస్రు వంగి, లైనులో ఉన్న తన చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.

"ప్లీజ్ కమ్ ఇన్, సర్. ఎండన పడి వచ్చారు, టీ తాగి వెళ్లండి," ఇంగ్లీషులో పిలిచింది నాగరాణి గుమ్మంలోంచి.

"ఇంట్లకెందుకే, గింత కంపుల!" పళ్లు కొరికాడు గోవర్ధన్.

అప్పటికే ఆఫీసరు ముందుగదిలోకి వచ్చేశాడు. ముక్కు చిట్లించి, జేబురుమాలు తీసి, పూల దుప్పటి పరిచిన దివాన్ మీద కూర్చున్నాడు.

"పబ్లిక్, సార్... వాల్, సార్..." గోవర్ధన్‌కు ఈ పాఠం ఎవరూ చెప్పలేదు.

టీ అందిస్తుంటే నాగరాణి చెయ్యి జారింది. కప్పు మొత్తం దుప్పటి మీద పడింది. ఆఫీసరు ఎగిరి లేచాడు.

"వద్దు! నేను తుడుస్త!" గోవర్ధన్ ఉరికాడు.

"సారీ, సర్," అంటూ ఆమె తడిసిన దుప్పటిని ఒక్క ఊపున లాగేసింది.

ఆఫీసరు అంతసేపూ కూర్చున్నది దివాన్ మీద కాదు, నీళ్లు తాగి కంపు కొడుతున్న యూరియా బస్తాల మీద.