గిన్నె లోపలి పూలు

"నిమ్మకాయ ఊరగాయ గాజు సీసాలోనా శారదా? పింగాణీలో ఊరితేనే కదా దానికా రుచి!" అన్నారు వాసుదేవరావు, పెరుగన్నంలో బద్ద నంజుకుంటూ.

"పార్సిప్పనీ నుంచి ఈ ఊరికి ఇల్లు మారేటప్పుడు జాడీ పగిలింది కదండీ. ముందు తినండి, అవని వచ్చేస్తుంది."

అవని పేరు వినగానే ఆయన తినడం ఆపి గుమ్మం వైపు చూశారు. స్నేహితుడు గోపాల్ కూతురు, డాలస్‌లో ఒక మ్యూజియంలో పాత పింగాణీ సామాను పరీక్షించే ఉద్యోగం. తన చైనా చక్రవర్తుల కాలపు గిన్నె అసలుదేనని ఆ పిల్ల ఒక్క మాటంటే చాలు, ఎగ్జిబిషన్‌లో ఆయన పేరుతో పెడతారు. గుండె డాక్టరుగా బతుకంతా పనిచేసినా రాని పేరు! తాముంటున్న కాపెల్‌లో తెలుగువాళ్లందరికీ అప్పుడే ఫోన్లు చేసేశారు.

డోర్‌బెల్ మోగింది. కంచం వదిలేసి లేచారు. అవని కూర్చోకముందే గిన్నె తెచ్చి పాఠం మొదలుపెట్టారు.

"ముందు తెల్ల గిన్నెని కాలుస్తారమ్మా. ఆ తర్వాత రంగుల గాజుపొడితో పూలు వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. ఈ గులాబీ రంగులో బంగారం ఉంది. తడిమి చూడు, పువ్వు వేలికి తగుల్తుంది. మీ ఆంటీ కూడా ఈ ఊరొచ్చినప్పటి నుంచీ పింగాణీ పెయింటింగ్ క్లాసుకి వెళ్తోందిలే. ఆ పూలు చూస్తే తేనెటీగ జడుసుకుంటుంది!"

శారద నవ్వుతూ అవనికి మంచినీళ్లు అందించింది. ఇల్లు మారాక చాన్నాళ్లు ఏ బాక్స్‌లో ఉందో తెలియకుండా పోయిన గిన్నెను వెతికి తీసింది ఆవిడే. ఆ కృతజ్ఞతైనా లేదు మహానుభావుడికి.

అవని భూతద్దంతో చాలాసేపు చూసింది.

"అంకుల్, బౌల్ రియల్. ఎంపరర్ కోసం చేసిందే."

"నేను చెప్పలా!"

"బయట పూలు కూడా ఓల్డే. కానీ లోపల పూలు కొత్తవి. ఎవరో మళ్లీ పెయింట్ చేశారు. సారీ అంకుల్, ఎగ్జిబిషన్‌కి తీసుకోలేం. బట్ ఆ పర్సన్ చాలా గుడ్. ఎవరో తెలిస్తే చెప్పండి, మా ల్యాబ్‌లో జాబ్ ఇప్పిస్తా."

"జాబా? జైల్లో పెట్టించాలి! ఎస్టేట్ సేల్‌లో ఇంటి సామానుతో పాటు ఈ గిన్నె అమ్మిన ముసలావిడ నవ్వుతూ నా గొంతు కోసింది. కొన్న రోజే నాకు అనుమానం వచ్చింది!"

అవని వెళ్లిపోయాక మాత్రం ఆయన కుర్చీలో కూలబడ్డారు. అందరికీ మళ్లీ ఫోన్లు చేసి ఏం చెప్పాలి? కళ్లలో నీళ్లు తిరిగాయి. శారద సగంలో వదిలేసిన కంచం తెచ్చి ముందు పెట్టింది. ఆ దుఃఖం కాస్తా ఊరగాయ సీసా మీదికి మళ్లింది.

"కొత్త జాడీ కొనమని ఎన్నిసార్లు చెప్పాను? ఊరగాయకి పింగాణీని మించింది లేదు!"

శారద ఆయన పక్కన కూర్చుని చేతి మీద చెయ్యి వేసింది.

"పింగాణీలో ఊరేస్తే లోపలి పూలు పోతాయండీ."