దారినపోయే దానయ్య

సెమీఫైనల్ గెలిచిన సంబరంలో ఎగిరి గంతేసి, జట్టులో ఆడే వ్యాను డ్రైవరు చీలమండ బెణికించుకున్నాడు.

"అక్కా, ఇక నావల్ల కాదు," అన్నాడు గడ్డి మీద చతికిలబడి.

"ఆడేటప్పుడు పడలేదు, గంతులేసేటప్పుడు పడ్డావా!"

కెప్టెన్‌కి ఏడుపొక్కటే తక్కువ. క్లినిక్‌లో ఆమె పళ్ళ డాక్టరు. మైదానంలో మాత్రం అందరికీ అక్క.

వాళ్ళది ఫ్రిస్బీ జట్టు: పళ్ళెంలాంటి డిస్కును విసురుకుంటూ వెళ్ళి, అవతలి కొస గడిలో అందుకుంటే పాయింటు. ఏటా ఫైనల్‌కి రావడం, నీలం జట్టు చేతిలో చావుదెబ్బ తినడం వాళ్ళకు ఆనవాయితీ. ఈసారి కప్పు రాకపోతే ఇక రానట్టే. సీజన్ అయిపోగానే నర్సు వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోతోంది. బ్యాంకు గుమాస్తాకి బదిలీ అయింది. జట్టంతా చెట్టుకొకరు పుట్టకొకరు.

ఆడాల్సింది ఏడుగురు. మిగిలింది ఆరుగురు.

"అదుగో, ఆ పెద్దాయన పొద్దున్నుంచీ మన ఆటలే చూస్తున్నాడు. అడుగుదామా?" అన్నాడు కెప్టెన్ తమ్ముడు.

మైదానం అంచున ఒకాయన పల్లీలు ఒలుచుకు తింటున్నాడు. జుట్టు సగం నెరిసింది.

"దారినపోయే దానయ్యని పట్టుకొచ్చి ఫైనల్ ఆడిస్తావట్రా?"

"గతిలేనప్పుడు దానయ్యే దేవుడక్కా."

ఆమె వెళ్ళి అడిగింది. "ఏమండీ, ఫ్రిస్బీ ఆడటం వచ్చా?"

"వచ్చమ్మా. మోకాళ్ళే ఒక్కోసారి మాట వినవు. ఎవరి మీద ఆడాలి?"

"నీలం జట్టు మీద."

ఆయన పల్లీ ఒలవడం ఆపాడు. కాసేపటికి నవ్వాడు.

"సరే, పద."

కొత్తమనిషిని దింపాలంటే ఎదుటి కెప్టెన్ ఒప్పుకోవాలి. నీలం జట్టు కెప్టెన్ ఆయన్ని చూసి తలదించుకున్నాడు.

"ఆడనివ్వండి," అన్నాడు నెమ్మదిగా.

"చూశావా, మనల్ని చూసి జాలిపడుతున్నాడు," అంటూ కెప్టెన్ పళ్ళు పటపట కొరికింది. అలా కొరకొద్దని రోజూ జనానికి చెప్పేది ఆమే.

ఆట మొదలైంది. దానయ్య పరిగెత్తడం తక్కువ, నవ్వడం ఎక్కువ. కానీ డిస్కు ఎక్కడ దిగుతుందో అక్కడ ఆయన చెయ్యి ఉండేది. చేతికందితే గాలికి ఎదురు విసిరి నేరుగా నర్సు దోసిట్లో వేసేవాడు.

"దానయ్యగారూ, ఇన్నాళ్ళూ ఏమైపోయారండీ?" అని అరిచింది నర్సు, పాయింటు కొట్టి.

"నన్నెవరూ పిలవలేదమ్మా!"

అందరూ పగలబడి నవ్వారు. అంత సరదాగా వాళ్ళు ఏ ఫైనలూ ఆడలేదు.

స్కోరు చెరి పద్నాలుగు. తర్వాతి పాయింటు ఎవరిదైతే కప్పు వాళ్ళది.

తమ్ముడు డిస్కు బలంగా విసిరాడు. అది మూలకు పోయింది. మాట వినని మోకాళ్ళతోనే దానయ్య ఎగిరాడు. అందుకున్నాడు!

జట్టంతా కేకలు. తమ్ముడు అక్కని భుజాల మీదికి ఎత్తేశాడు. డ్రైవరు ఒంటికాలి మీద మళ్ళీ గంతులేశాడు.

"ఆగండి," అన్నాడు దానయ్య. "పట్టుకున్నప్పుడు బయటి గీత తొక్కాను. పాయింటు రాదు."

ఈ ఆటలో రిఫరీ ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. చెప్పుకోవాల్సిన వేళకు నోరు పెగలడం వేరే సంగతి.

"మేమెవరమూ చూడలేదు," అన్నాడు నీలం కెప్టెన్.

"నేను తొక్కాను," అన్నాడు దానయ్య. డిస్కు తీసుకెళ్ళి నీలం కెప్టెన్ చేతిలో పెట్టాడు.

నీలం జట్టు నాలుగు విసుర్లలో పాయింటు కొట్టింది. కప్పు పోయింది.

కెప్టెన్ ఆయన్ని గేటు దగ్గర పట్టుకుంది.

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేదండీ?"

"నా కాలికి తెలుసు కదమ్మా."

"చాలా గొప్పపని చేశారు! ఇంకెప్పుడూ మా జట్టు ఛాయలకు రాకండి."

ఆయనకు కోపం రాలేదు. ఆటకోసం డ్రైవరు దగ్గర తీసుకున్న జెర్సీ విప్పి, మడిచి, ఆమె చేతికిచ్చాడు.

"చాలా ఏళ్ళకు కడుపునిండా ఆడానమ్మా," అని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆట ముగిశాక ఇంకో కప్పు ఇస్తారు, అందరికంటే మర్యాదగా ఆడిన జట్టుకి. అది ఎవరిదో తేల్చేది ఎదుటి జట్లే. నీలం జట్టు ముక్తకంఠంతో వీళ్ళ పేరు చెప్పింది.

గుమాస్తా నోరు తెరిచాడు. డ్రైవరు మూడోసారి గంతేశాడు. నర్సు కప్పులో నిమ్మరసం పోసి అందరికీ తాగించింది. ఆ జట్టు కప్పు ముట్టుకోవడం అదే మొదలు. ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ముభావంగా నిలబడ్డ కెప్టెన్‌కి కూడా నవ్వు ఆగలేదు.

"దానయ్యగారేరీ? మొదటి గుక్క ఆయనదే కదా!" అన్నాడు తమ్ముడు.

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

నీలం కెప్టెన్ కూడా పెద్దకప్పు చంకలో పెట్టుకుని గేటు వైపు వెతుకుతున్నాడు.

"వెళ్ళిపోయారండీ. నేనే వెళ్ళగొట్టాను, పేరు కూడా అడగలేదు," అంది ఆమె. "ఎవరో దారినపోయే ఆయన."

నీలం కెప్టెన్ పెద్దకప్పు నేల మీద పెట్టేశాడు.

"మా జట్టు పెట్టింది ఆయనే, మాకు డిస్కు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మీ జట్టు ఈ పోటీలకు రాకముందే, మోకాళ్ళు పనికిరావని మేం తీసేసింది కూడా ఆయన్నేనండీ."