వెనక కూర్చునే పైలట్

ఇటు రండి, చాప మీదికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే ముచ్చట కాదిది. గోడవతలికి వినిపిస్తే ఒక పెళ్లి ఆగిపోతుంది.

పెద్దేముల్ ఊరి దేవప్ప కొడుకు మల్లేశ్ ఆ రోజు వికారాబాద్‌లో పిల్లను చూసి, తల్లిదండ్రులతో కలిసి తాండూరు రైలెక్కాడు. పిల్ల నచ్చింది. పిల్లకూ అతను నచ్చినట్టే ఉంది. కానీ పిల్ల తండ్రి సుధాకర్ ఒకటే మాట పట్టుకు కూర్చున్నాడు.

"గొర్లు గాసే ఇంటికి ఇయ్యనని వచ్చిన సంబంధాలు తిప్పి పంపిన. మీ పిలగాడు విమానం నడుపుతడంటేనే మిమ్ముల రమ్మన్న. గా నౌకరి ఉంటదా, పోతదా? అది తేలినంక మాట్లాడుకుందం."

దేవప్ప తుండు దులిపి భుజాన వేసుకుని లేచాడు. గొర్ల మందనంతా అమ్మి కొడుకును పైలట్ చదివించిన మనిషి.

చదువైతే అయింది గానీ, మల్లేశ్ విమానం నడిపిన గంటలు తక్కువ. గంటలు తక్కువున్నవాడికి నౌకరి ఇవ్వరు. నౌకరి లేనిదే గంటలు పెరగవు. తిరిగి తిరిగి చెప్పులరిగాక, గల్ఫ్‌లో ఒక షేక్ గారి సొంత విమానంలో చోటు దొరికింది. ముందు ఇద్దరు పైలట్లు, మల్లేశ్ మూడోవాడు. ఖాళీ విమానాన్ని వెనక్కి తెచ్చేటప్పుడు మాత్రం కుడివైపు కో-పైలట్ సీటు అతనిది. ఆ కాస్తలో పెరిగినవే గంటలు. మిగతా వేళల్లో వెనక, వీఐపీ పక్కన.

ఆ వీఐపీ అంటే షేక్ గారికి ప్రాణం. దేశానికొక సన్మానం, మెడలో పతకం. వెంట ఎప్పుడూ డాక్టరు. మెత్తటి తోలు సీట్లున్నా ఎక్కరు, కింద తివాచీ మీదే. దువ్వెన పడి, అత్తరు చల్లందే విమానం దిగరు. మాట తక్కువ, కోపం ఎక్కువ. మొదటి వారమే మల్లేశ్‌ను ఒక్క తోపు తోస్తే, పోయి బాత్రూం తలుపుకు తగిలాడు. భుజాల మీద బంగారు గీతల చొక్కాతో అక్కడే చతికిలబడి, "పైకి లేస్త లేస్త అన్నవు గద మల్లిగా, ఇగో లేసినవ్" అని తనకు తనే చెప్పుకున్నాడట.

ఇన్నాళ్లలో ఆ వీఐపీ ఫొటో ఒక్కటైనా ఇంట్లో చూపించలేదు. రహస్యం అనేవాడు.

పిల్ల దేవిక అడిగిన ప్రశ్న రైల్లో కూడా అతన్ని వదల్లేదు.

"మీరు విమానంల ఏడ కూసుంటరు?" అని అడిగింది.

"అవసరాన్ని బట్టి," అన్నాడు మల్లేశ్. బస్సు కండక్టరైనా ఇంతకంటే ధైర్యంగా చెప్పేవాడే అనుకుని సిగ్గుపడ్డాడు.

నిజానికి ఒప్పందం ముగిసింది. కబురు చేస్తామని చెప్పి ఇంటికి పంపారు. కబురు మాత్రం లేదు. ఈ నౌకరి పోతే గంటలు పోయాయి, దేవికా పోయింది, అయ్య అమ్ముకున్న మందా దండగైంది.

తల్లి కొండమ్మ డబ్బా విప్పి రొట్టె చేతిలో పెట్టింది. "గంటలు తక్కువైతే జరంత ఎక్కువసేపు పనిజెయ్యరాదు, కొడుకా? నేను చేన్ల చేస్తలేనా?"

మల్లేశ్ రొట్టె నమిలాడు.

ధారూర్ దాటాక ఫోను మోగింది. కెప్టెన్, వీడియో కాల్. గొంతులో కంగారు. నీ స్థానంలో కొత్తవాణ్ని పెట్టాం, వీఐపీ వాణ్ని దగ్గరికే రానివ్వడం లేదు, నిన్నటి నుంచి ఏమీ ముట్టలేదు, రేపే సన్మానం, డాక్టరు చేతులెత్తేశాడు, షేక్ గారు మమ్మల్నందరినీ తీసేస్తానంటున్నారు, ఒక్కసారి నువ్వు మాట్లాడి చూడు, అన్నాడు.

మల్లేశ్ ఫోనును చేతి చాటున పెట్టుకున్నాడు. ఎదుటి బల్ల మీద యాలాల్ ఊరి భీమప్ప, తెలిసినవాడే, చెవులు ఇటే పెట్టి కూర్చున్నాడు. మల్లేశ్ గుసగుసగా ఇంగ్లీషులో బతిమాలాడు. వచ్చీరాని అరబ్బీలో బతిమాలాడు. వీఐపీ మొహం అటు తిప్పేసుకున్నారు.

కిటికీలోంచి బయటికి చూస్తున్న దేవప్ప, అటునుంచి ఒక గొంతు చెవిన పడగానే చటుక్కున ఫోను గుంజుకున్నాడు. ఫోనును చూశాడు. కొడుకును చూశాడు. మళ్లీ ఫోనును చూశాడు. మల్లేశ్ తల దించుకున్నాడు.

దేవప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఏందిర నీ నకరాలు? నిన్నటిసంది పస్తులుంటవా? నా కొడుకు నౌకరి పోగొడ్తవా? ఇటు జూడు. ఆఁ. తిను నాయినా, తిను."

కొండమ్మ నుదురు కొట్టుకుంది. షేకు మనుషులతోని గిట్లనేనా మాట్లాడేది, అని గొణిగింది. భీమప్ప నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

అటువైపు పళ్లెం చప్పుడైంది. తర్వాత కెప్టెన్ గొంతు వినిపించింది. తింటున్నారు. తలెత్తకుండా తింటున్నారు.

షేక్ గారే ఫోనులోకి వచ్చి, ఆ పెద్దాయన ఎవరని అడిగారు. మా నాన్న, అన్నాడు మల్లేశ్. ఇంకేదో అడిగితే మల్లేశ్ తండ్రికి తెలుగులో చెప్పాడు. దేవప్ప తుండుతో కళ్లు తుడుచుకుని, "వస్త అని చెప్పు," అన్నాడు.

తాండూరులో దిగేసరికి ఫోనుకు టికెట్లు వచ్చేశాయి. ఒకటి కాదు, రెండు. ఇక నుంచి మల్లేశ్‌ది ముందు కుడివైపు సీటు. వెనక, వీఐపీ పక్కన, దేవప్ప. నౌకరి ఖాయమన్న కబురు అందగానే సుధాకర్ ఆ సాయంత్రమే ముహూర్తం పెట్టించాడు.

ఈ ముచ్చట మరిచిపోకండి, కొడుకు నడిపే విమానంలో తండ్రి తిరుగుతున్నాడని ఊరూరా చెప్పండి గానీ, ఆ వీఐపీకి మెలి తిరిగిన కొమ్ములున్నాయని, అది అందాల పోటీల్లో పతకాలు గెలిచే షేక్ గారి పొట్టేలని మాత్రం ఆ పెళ్లయ్యేదాకా వికారాబాద్‌లో ఎవరి దగ్గరా అనకండి.