నెట్టు పోయిన కాసేపు

ఒరేయ్, అందరూ ఇట్టా దగ్గరికి జరగండి. ఆ సెల్లుల్లో పాటలు ఆపండి. ఏమే పింకీ, ఆ జడ తర్వాత అల్లుకుందువుగానీ, ముందు నోరు మూసి చెవులు తెరువు. మాచర్లలో రాజారత్నం కొట్లో నెట్టు ఎందుకు పోయేదో చెప్తా. ఇందులో ఒక్క అబద్ధం దొరికినా, దొరికినోళ్లే దాన్ని ఇంటికి తీసుకుపొండి.

"తేల్చెయ్యన్నా! ఆన్‌లైనా, ఆఫ్‌లైనా? సాయంత్రం బస్సుకి నేను నరసరావుపేట పోవాలి" అన్నాడు బిల్లింగ్ మిషన్లు అమ్మే వెంకట సాయి.

కిరాణా కొట్టు బల్ల మీద రెండు మిషన్లు పెళ్లిచూపుల్లో అక్కాచెల్లెళ్లలా పక్కపక్కన కూర్చున్నాయి. ఒకటి నెట్టు ఉంటేనే బిల్లు కొడుతుంది. రెండోది నెట్టుతో పని లేకుండానే కొడుతుంది.

"రెండూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నయ్ రా" అన్నాడు కొట్టు మెట్టు మీద బీడీ కాల్చుకుంటున్న ముసలి పుల్లారావు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

వారం నుంచీ రాజారత్నం ఆన్‌లైన్ మిషన్‌నే వాడి చూస్తున్నాడు. పొద్దున పూట బాగానే ఉండేది. సాయంత్రమైతే నెట్టు పోయేది. తెర మీద సున్నా ఒకటి గుండ్రంగా తిరిగేది. ఆ సున్నా తిరగడం మొదలెట్టినప్పుడు గేదె ఈనితే, బిల్లు వచ్చేసరికి దూడ పాలు మానేసేది.

"ఇంకా ఆలోచనేందన్నా? ఆఫ్‌లైన్ తీస్కో. కస్టమరు నిలబడే పనే ఉండదు. టక్కున బిల్లు, టక్కున బయటికి!"

ఆ "టక్కున బయటికి" అన్న మాటే రాజారత్నానికి ముల్లులా గుచ్చుకుంది.

ఎందుకంటే హన్నమ్మ వచ్చేది సాయంత్రమే. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. ఆమెకీ ఎవరూ లేరు, ఈయనకీ ఎవరూ లేరు. ఆదివారం చర్చిలో చూద్దామంటే ఆడవాళ్ల చాపలు అటు, మగవాళ్ల చాపలు ఇటు, మధ్యలో దారి కృష్ణానదంత వెడల్పు. నెట్టు పోయినప్పుడు మాత్రం ఆమె కొట్లో స్టూలు మీద కూర్చునేది. ఎవరి జాకెట్టు బిగుతైంది, ఎవరింట్లో పులుసు మాడిపోయింది, అవే కబుర్లు. రాజారత్నానికి మాత్రం బైబిలు వాక్యం విన్నట్టుండేది. ఊరంతా ఆయన్ని "అన్నా" అంటుంది. ఆమె ఒక్కతే ఏనాడూ అనలేదు. "ఇదిగో" అనేది. ఆ "ఇదిగో" కోసమే ఆయన పొద్దున్నే కొట్టు తెరిచేవాడు.

"ఇదిగో, ఆవాలు ఒక పొట్లం" అంటూ హన్నమ్మ రానే వచ్చింది.

వెంకట సాయి చటుక్కున ఆఫ్‌లైన్ మిషన్ ముందుకు లాగాడు. "చూడన్నా తమాషా!"

టర్రుమని బిల్లు బయటికొచ్చింది. హన్నమ్మ మిషన్ వంక చూసింది. రాజారత్నం వంక చూసింది.

"అప్పుడే వచ్చిందా?"

"వచ్చిందక్కా! నెట్టుతో దీనికి పనే లేదు."

"నెట్టు పోయినా వచ్చిద్దా?"

"భూకంపమొచ్చినా వచ్చిద్ది."

"మరి... ఇంకేం ఆగబళ్లేదా?"

"ఏం లేదక్కా. ఇంక పోవచ్చు."

ఆమె పొట్లం సంచిలో వేసుకుంది. స్టూలు వంక ఒకసారి చూసి మెట్టు దిగింది. "నిన్న ఆ పులుసు సంగతి..." అని అడగాలనుకున్నాడు రాజారత్నం. ఆయన "ని" అనేసరికే ఆమె వీధి చివరికి పోయింది.

కొట్లో అన్ని సరుకులున్నా, కొట్టు మొత్తం ఖాళీ అయినట్టు అనిపించింది ఆయనకి.

"ఆన్‌లైనే ఇవ్వు" అన్నాడు.

"అన్నా! నెట్టు పోద్ది గదా!"

"పోనీ."

"కస్టమర్లు కూర్చోవాల్సొచ్చిద్ది!"

"కూర్చోనీ. స్టూలు గట్టిగా లేదు, కుర్చీ తెప్పిస్తా."

"బజారంతా నవ్విద్దన్నా!"

"నవ్వితే పళ్లకి గాలి తగిలిద్ది. ఇవ్వవయ్యా."

వెంకట సాయి తల పట్టుకున్నాడు. నెట్టు ఎట్టా ఉందో చూశాడు, మళ్లీ చూశాడు. "ఫుల్లుగా ఉందే! నీ నెట్టుకి ఏ రోగమూ లేదన్నా. మరి సాయంత్రం పూట ఏం పుట్టిద్ది దీనికి?"

అంతలో మెట్టు మీద మళ్లీ అడుగుల చప్పుడు.

"ఇదిగో, జీలకర్ర మర్చిపోయా."

ఈసారి రాజారత్నం తనే ఆన్‌లైన్ మిషన్ ముందుకు లాక్కున్నాడు. నెట్టు పోవాలని మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకుని మీట నొక్కాడు.

సున్నా తిరగడం మొదలైంది.

"అయ్యో, పోయిందా? ఏం చేస్తాం మరి" అంటూ హన్నమ్మ కూర్చుంది. సింహాసనం మీద రాణులు కూడా అంత నిమ్మళంగా కూర్చోరు.

"నిన్న ఆ పులుసు సంగతి చెప్తా చెప్తా ఆపావు..." అన్నాడు రాజారత్నం.

"ఇప్పుడే ఫుల్లుగా ఉంది గదా! ఎట్టా పోయింది? ఎవురన్నా చెప్పండయ్యా, ఎట్టా పోయింది?" అని వెంకట సాయి మొత్తుకున్నాడు.

మెట్టు మీద పుల్లారావు విసుగొచ్చి బీడీ పారేశాడు.

"ఎందుకట్టా అరుస్తావ్ అబ్బాయ్? అదేం పోలా. ఈయమ్మి వచ్చినప్పుడల్లా బల్ల కిందున్న ఆ నెట్టు డబ్బా స్విచ్చిని కాలి బొటనవేలితో ఆపిద్ది, పొయ్యేటప్పుడు మళ్లా ఏసిద్ది. రోజూ చూస్తన్నాగా! రత్నానికి కరెంటు బిల్లు తగ్గిద్దామని పాపం ఎంత తాపత్రయమో... కరెంటాఫీసోళ్ల కంట పడిందంటే, ఈయమ్మిని ఎత్తుకుపోయి సాగర్ డ్యాముకి కాపలా పెట్టుకుంటార్రా!"