పదకొండు మందిలో ఒకరు

“పేరు చెబితే మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో ఉంటారు. లేదంటే మూడు నెలలు జైలు,” అన్నారు జడ్జిగారు. “పావుగంట టైమిస్తున్నాను. ఆలోచించుకోండి.”

విలేకరి బోను దిగి వరండాలోకి వచ్చింది. చిన్న పత్రికలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. కుళాయి నీళ్లలో సీసం ఉందని తెలిసి కూడా నీళ్ల కంపెనీ లేదని రాసిందన్న సంగతి బయటపెట్టింది ఆమే. కంపెనీ ల్యాబు రిజిస్టరులో ఒక లెక్క, జనానికి ఇచ్చిన కాగితంలో ఇంకో లెక్క. ఆ రిజిస్టరు అంకెలను ఎవరో చేత్తో నకలు రాసి, కవర్లో పెట్టి ఆమెకు చేర్చారు.

ఆమె ఎవరి మాటా ఊరికే నమ్మే రకం కాదు. ఆరిళ్ల కుళాయి నీళ్లు పట్టి, పొరుగూరి ల్యాబులో పరీక్ష చేయించింది. అంకెలు సరిపోయాకే అచ్చుకిచ్చింది.

ఇప్పుడు కంపెనీ సీసం సంగతి వదిలేసి, అంకెలు బయటికి చేర్చిన దొంగెవరో తేల్చమని కోర్టుకెక్కింది. ల్యాబులో పనిచేసేది పదకొండు మంది. అందరినీ పిలిపించారు. వరండా బెంచీల మీద ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

విలేకరి భర్త మూడేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని ఎదురొచ్చాడు.

“ఎవరి కోసం ఇదంతా? పిల్ల మూడు నెలలు నువ్వు లేకుండా ఉంటుందా?”

“ఉండాలి మరి.”

“పోనీ నాకొక్కడికీ చెప్పు.”

“మీకు చెబితే సాయంత్రానికల్లా మీ దగ్గర జాకెట్టు కుట్టించుకునే వాళ్లందరికీ తెలిసిపోతుంది.”

అది నిజమే. ఆయన దర్జీ. దుకాణంలో కత్తెర ఆగినా నోరు ఆగదు.

“మగో ఆడో, అదైనా చెప్పు.”

ఆమె పిల్ల జుట్టు సవరించింది. ఆయనకు ఒళ్లు మండింది.

“అంటే నాకన్నా ఆ మనిషే ఎక్కువైపోయారన్నమాట!”

ఆమెకు ఏడుపొచ్చింది. మింగేసింది.

పక్కనే ఉన్న, ఆమె తరఫు లాయరమ్మ వైపు తిరిగాడు ఆయన. “ఆ కవరేదో విప్పేస్తే పోదా మేడమ్? ఈవిడ దగ్గర్నుంచి తెప్పించి, లక్క సీలేసి జడ్జిగారి బల్ల మీదే పెట్టారుగా!”

“విప్పితే చేతిరాత బయటపడుతుంది బాబూ. పదకొండు మంది రాతలతో పోల్చి చూస్తే ఆ మనిషి సాయంత్రానికి దొరికిపోతారు. అందుకే చట్టం ముట్టుకోనివ్వదు. పేరు చెప్పనని విలేకరి మాటిచ్చిన మనిషి కాగితాలకు రక్షణ ఉంది. అలాంటి మాటే లేకపోతే అది దారిన దొరికిన కాగితం కింద లెక్క. విప్పేసుకోవచ్చు.”

“మరి ఈవిడకి రక్షణేదీ?”

“కాగితానికి ఉంది, మనిషికి లేదు. కోర్టు అడిగితే చెప్పాలి, చెప్పకపోతే జైలే,” అని నిట్టూర్చింది లాయరమ్మ.

పావుగంట అయిపోయింది. కంపెనీ లాయరు పదకొండు మందినీ వరసగా నిలబెట్టించాడు. సీసాలు కడిగే పెద్దావిడ దగ్గర్నుంచి ల్యాబు అధికారి దాకా అందరూ తలలు వంచుకున్నారు. ఒకడి గడ్డం వణుకుతోంది. ఒకామె చేతులు కొంగులో దాచుకుంది.

“వాళ్లను చూడండమ్మా,” అన్నాడు లాయరు. అతను మాత్రం విలేకరి కళ్లనే చూస్తున్నాడు.

ఆమె చూపు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. తిరిగి వచ్చింది. ఎవరి దగ్గరా ఆగలేదు, ఎవరినీ తప్పించుకోలేదు.

“గట్టి పిండమే,” అని గొణుక్కున్నాడు లాయరు.

“ఆ మనిషికి మీరు మాటిచ్చారా?” జడ్జిగారు అడిగారు.

“ఇచ్చానండీ.”

“పేరు చెబుతారా?”

“ఆ పేరు నా నోట రాదండీ.”

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మూడు నెలలు రాశారు. కవరు సీలు చెదరకుండా బీరువాలోకి పోయింది. వరసలో ఎవరో వెక్కారు. ఎవరన్నది తెలిసేలోపు అది ఆగిపోయింది.

బయట వ్యాను సిద్ధంగా ఉంది. భర్త ఒక సంచీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. దువ్వెన, తువ్వాలు, ఆమె పాత స్వెట్టరు. కోపం ఇంకా తగ్గలేదు గానీ కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“పిల్లని నేను చూసుకుంటాలే. ఒళ్లు జాగ్రత్త.”

అమ్మ దగ్గరికి వస్తానని పిల్ల చేతులు చాచింది. పోలీసామె తలుపు వేసేసింది.

వ్యాను కదులుతుంటే, మెట్ల మీద నిలబడిపోయిన ఆ పదకొండు మందినీ ఆమె కిటికీ చువ్వల్లోంచి మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయింది, ఆ రోజు పత్రికాఫీసు తలుపు కింద కవరు తోసి వెళ్లిపోయింది వీళ్లలో ఎవరై ఉంటారా అని.