జో మేలు కోరి

“హే జో! ఇవాళ కూడా ఉతుకుడు నీదేనా?”

మూడుచక్రాల బండి ఆపి మరీ అరిచాడు కూలాస్. పెరట్లో పెళ్ళాం గౌన్లు ఆరేస్తున్న తెల్లవాడు వెనక్కి తిరిగి నవ్వాడు. ఎవరేమన్నా అదే నవ్వు.

ఫిలిప్పీన్స్‌లోని ఈ దుమగెతె ఊళ్ళో తెల్లతోలు కనబడితే చాలు, వాడు జో. అసలు పేరుతో ఎవరికీ పనిలేదు.

అరుగు మీద ఎండుచేపలు తిరగేస్తున్న ఇంటి యజమానురాలు ఇసిద్రా మూతి మూడు వంకర్లు తిప్పింది.

“అమెరికావాడై ఉండి ఆడదాని గౌన్లు ఉతుకుతాడా? మందు పెట్టిందిరా కూలాస్. దానిది సికిహోర్ దీవి. అక్కడ పాలు తాగే పిల్లకి కూడా మందు పెట్టడం వచ్చు.”

“అంత మందు మా ఆవిడ నాకెందుకు పెట్టలేదక్కా?”

“నీకు పెడితే దానికేం వస్తుంది? నీ బండా?”

లోపల్నుంచి జో పెళ్ళాం మెర్లిండా బయటికి వచ్చింది. “ఆ నీలం గౌను నీడలో వెయ్యమన్నానా, లేదా? బుర్ర ఎక్కడ పెట్టావ్?”

“తప్పయింది, బంగారం,” అంటూ జో పరుగెత్తుకెళ్ళి గౌను తీశాడు.

రెండేళ్ళుగా ఇదే వరస. వంట జో. అంట్లు జో. వానొస్తే గొడుగు ఆవిడ నెత్తి మీద, వాన జో నెత్తి మీద. సాయంత్రాలు వాకిట్లో కుర్చీ వేసుకుని ఆవిడ కాళ్ళు చాపితే, కింద కూర్చుని పిసికేది కూడా జోనే.

ఇంతకుముందు ఏం చేసేదానివని అడిగితే మెర్లిండా “ఆస్పత్రిలో పని” అనేది. అంతకు మించి చెప్పేది కాదు. ఏ ఆస్పత్రో, ఏం పనో! ఇసిద్రా తనకు తోచినట్టు ఊహించుకుని, ఆ ఊహనే వీధంతా పంచింది.

ఆవిడ కడుపుమంటకి ఇంకో కారణం ఉంది. మేనకోడలు రోసింగ్‌కి ముప్పై నాలుగేళ్ళు. ఇంకా పెళ్ళి కాలేదు. ఈ జో మెర్లిండా కళ్ళ పడకుండా ఉంటే రోసింగ్ ఈపాటికి అమెరికాలో ఉండేదని ఆవిడ నమ్మకం.

ఓ మధ్యాహ్నం మెర్లిండా ఇసిద్రా దగ్గరికి వచ్చింది.

“వచ్చే గురువారం మనీలాలో వీసా ఇంటర్వ్యూ అక్కా. మేమిద్దరం మీ ఇంట్లో మొగుడూ పెళ్ళాల్లా కాపురం చేస్తున్నామని ఓ కాగితం రాసివ్వాలి.”

“దానికేం భాగ్యం తల్లీ! మరి ఇస్తారంటావా?”

“ఇవ్వక ఏం చేస్తారు?”

“ఇవ్వకపోతే?”

మెర్లిండా భుజాలు ఎగరేసింది. “ఇవ్వకపోతే ఈ కాపురం ఇంతటితో సరి. ఇక్కడ ఇలా పడుండడం ఇక నావల్ల కాదక్కా.”

ఇసిద్రా లోలోపలే బుగ్గలు నొక్కుకుంది. ఎంత తెగింపు! వీసా కోసం కట్టుకున్నది వీసా చేతికొచ్చేదాకానైనా నటించాలి కదా. దీనికి ఆ మాత్రం ఓపిక కూడా లేదు.

ముప్పై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పిన చెయ్యి ఆవిడది. అడిగిన కాగితం పది నిమిషాల్లో రాసిచ్చింది. మెర్లిండా అటు వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, మెర్లిండా పూర్తి పేరు పైన వేసి అమెరికా రాయబార కార్యాలయానికి ఇంకో కాగితం రాసింది.

‘ఇది ప్రేమ పెళ్ళి కాదు, వీసా పెళ్ళి. కళ్ళారా చూసి రాస్తున్నాను. బట్టలు, వంట, అంట్లు, ఆవిడ కాళ్ళు పిసకడం అన్నీ ఆ భర్తే. ఎన్ని తిట్టినా పన్నెత్తి ఎదురు మాట్లాడడు. నిజమైన మొగుడూ పెళ్ళాలు ఇలా ఉంటారా? అమెరికా గడ్డ మీద కాలు పెట్టిన మర్నాడే ఈ నాటకం ముగుస్తుంది. ఒక అమాయక ప్రాణి వీధిన పడుతుంది. దయచేసి ఆపండి.’

కింద సంతకం లేదు. ‘ఒక శ్రేయోభిలాషి’ అని ఉంది.

గురువారం వచ్చింది. మనీలాలో అద్దం కిటికీకి ఇవతల జో, మెర్లిండా. అవతల కళ్ళజోడు అధికారిణి. పెళ్ళి ఫొటోలు చూసింది. అద్దె కాగితాలు చూసింది.

“రెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. అమెరికాలో మళ్ళీ కాపురం పెడతారని ఏమిటి నమ్మకం?”

“నేను చెప్తానండీ,” అని మెర్లిండా ముందుకు జరిగింది. అక్కడి ఇంటి ఒప్పందం, ఉద్యోగపు ఉత్తరం ఒకదాని పక్కన ఒకటి పరిచింది. అధికారిణి తల ఊపింది. జో ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు ఫైలు అడుగు నుంచి ఇంకో కాగితం బయటికి వచ్చింది. అధికారిణి దాన్ని రెండుసార్లు చదివింది.

“మీ బట్టలు మీ ఆయనే ఉతుకుతారా?”

“ఉతుకుతాడు. తప్పా?” అంది మెర్లిండా.

“కాళ్ళు కూడా పిసుకుతారట?”

“నొప్పెడితే పిసకమంటాను.”

“తిడతారా?”

“తప్పు చేస్తే ముద్దు పెట్టుకుంటామా?”

“ఆయన ఎదురు చెప్పరా?”

“ఒక్కనాడు చెప్పలేదు!” అంది మెర్లిండా గర్వంగా.

జో మెడ దగ్గర బొత్తాం విప్పుకున్నాడు.

అధికారిణి ఆ కాగితాన్ని మడిచి, జో ఇచ్చిన సెర్బియా పాస్‌పోర్టు మీద పెట్టి, “మీ ఆవిడ అమెరికా పౌరురాలై పదకొండేళ్ళు దాటింది, మరి మీ ఇద్దరిలో వీసా కోసం నాటకం ఆడుతున్నదెవరో మీరే చెప్పండి, గోరాన్ గారూ,” అంది.