ఎండలోనే పుయ్యాలి

"ఆ వల తీసెయ్‌రా!" అంటూ అక్క గులాబీ మొక్కలకు అడ్డంగా నిలబడింది.

నర్సరీలో అమ్మకాలు చూసే తమ్ముడు నీడ వలను వదల్లేదు. "నీకసలు మనసుందా అక్కా? గింజ నుంచి పెంచావు. కళ్లముందే మాడిపోతుంటే చూస్తూ ఊరుకుంటావా?"

"ఊరుకుంటాను. ఎండకు ఓర్చే రకం కావాలనే కదా, గుట్ట మీది అడవి గులాబీ పుప్పొడి తెచ్చి మన తోట గులాబీకి అద్దాను? ఇప్పుడు నీడ వేస్తే ఏది గట్టిదో ఎలా తెలుస్తుంది?"

"పుల్లలు ఎండబెడుతోందని జనం నవ్వుతున్నారు."

"నవ్వనీ. కొన్న మొక్క మొదటి వేసవికే చచ్చిపోతే తిట్టేదీ వాళ్ళే. వాళ్ళ పెరట్లో నువ్వెళ్ళి వల కడతావా?"

ఆమె వంగి ఒక ఎండిన మొక్కను పీకింది. అప్పుడు చూశాడు తమ్ముడు, ఆమె చెంపల మీద కన్నీళ్ళు.

"ఏడుస్తున్నావా?"

"ఏడుస్తా. ఏడుస్తూనే పీకుతా. నీకేంటి?"

చివరి వరుసలో ఒక్క పొద ఆకుల అంచులు మాడినా ఎర్రగా చిగురు వేసింది. చిగురు పక్కన చిన్న మొగ్గ. తమ్ముడు గబగబా వల విప్పాడు. "కనీసం దీన్నైనా కాపాడుకుందాం."

"దానికి అసలే వద్దు. ముందుంది ముదురు వేసవి. ఆ ఎండనూ చూడనీ."

"తీరా పువ్వు చిన్నదైతే?"

"చిన్నదే అవనీ. ఈ ఎండలో విచ్చుకోవాలి, అంతే."

తమ్ముడు వలను గట్టు మీద పడేసి వచ్చి, అక్క పక్కనే కూర్చుని, తర్వాతి ఎండు మొక్కను తనే పీకాడు.